డ్రయర్ గదికి నేను వేసిన తాళం

2023 మే నెల. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, కొబ్బరితోటల మధ్య ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. అక్కడ కట్టెల పొయ్యి ఆర్పించి కరెంటు డ్రయర్ పెట్టించడానికి నేను రాజమండ్రి నుంచి వెళ్ళాను. పన్నెండేళ్ళుగా నా పని ఇదే. కట్టె, బొగ్గు, ఊక, డీజిల్ మండించి వేడి పుట్టించే చోట ఆ మంట మాన్పించి, కరెంటుతో వేడి పుట్టించి ఇవ్వడం. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, పుట్టింది కోరుకొండలో. నోరు కాస్త పెద్దదని మా ఆయన అంటారు, కాస్తేం ఖర్మ అని మా అత్తగారు అంటారు. ఆ నోరే లేకపోతే ఈ పనిలో ఆరు నెలలు కూడా నిలిచేదాన్ని కాదు.

ఎందుకంటే ఏ ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కినా రెండు ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "కరెంటుతోనా? అయ్యే పనేనా అండీ?" రెండోది, "మాట్లాడ్డానికి మీ ఆఫీసులో మగవాళ్ళెవరైనా వస్తారా మేడం?" మొదటిదానికి పని చేసి చూపించి జవాబు చెబుతాను. రెండోదానికి చెప్పను, కుర్చీ లాక్కుని కూర్చుంటాను.

ఈ ఫ్యాక్టరీ యజమాని సుబ్బరాజుగారు రెండోది అడగలేదు. అందుకే ఆయనంటే మొదటి రోజే గౌరవం కలిగింది. అరవై దాటిన మనిషి, పప్పు విదేశాలకు పంపుతారు. అక్కడి కొనుగోలుదారు ఈ మధ్య ఓ పెద్ద ఫారం పంపాడట. పప్పు తయారీలో ఏం మండిస్తారు, ఎంత మండిస్తారు, గాలిలోకి ఎంత కార్బన్ పోతుంది అని.

"వాళ్ళు తినేది పప్పు, అడిగేది పొగ సంగతి. ఏంటమ్మా ఇది?" అన్నారు రాజుగారు.

"వాళ్ళు అడక్కపోయినా మనం అడగాల్సిన సంగతేనండి" అన్నాను.

ఆయన నవ్వి, "ముందు లోపల చూడండి, తర్వాత పోట్లాడుకుందాం" అన్నారు.

జీడిపప్పు పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. పచ్చి గింజను ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, పెంకు కోసి పప్పు తీస్తారు. అలా వచ్చిన పప్పు తెల్లగా ఉండదు, దాన్ని అంటిపెట్టుకుని ఎర్రటి పొర ఉంటుంది. ఆ పొర ఊడాలంటే పప్పును సన్నటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. దానికి వాడే ఇనుప బీరువాలాంటి గదిని బోర్మా అంటారు. కింద సరుగుడు కట్టెల మంట, పైన వరసగా పప్పు ట్రేలు. ఆరిన పప్పు పీలింగ్ షెడ్డుకి వెళ్తుంది. అక్కడ ఆడవాళ్ళు వేళ్ళతో పొర తీస్తారు. పగలకుండా నిండుగా వస్తే గుండు, విరిగితే ముక్క. ధర పలికేది గుండుకే.

ఆ బోర్మా గదిలోకి అడుగు పెట్టగానే నా కళ్ళు మండిపోయాయి. పొగ గొట్టం ఉంది గాని అది పేరుకే. ఆ పొగలో తలకి తువ్వాలు చుట్టుకుని ఒకావిడ ట్రేలు బయటికి లాగుతోంది. ఆవిడ పేరు నాగమణి. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త సముద్రం మీద వేటకి వెళ్తాడు, ఆవిడ పదహారేళ్ళుగా ఈ గదిలో చేస్తోంది. రిజిస్టర్‌లో మాత్రం ఇప్పటికీ హెల్పర్. మాట్లాడుతుంటే మధ్యలో దగ్గు.

"అమలాపురంలో డాక్టరుగారు పొగ మానమన్నారండి. పొగ మానాలంటే పని మానాలి కదండీ" అంది.

"పీలింగ్‌లోకి మారొచ్చుగా?"

ఆవిడ చేతులు చాచి చూపించింది. పదహారేళ్ళు వేడి ట్రేలు పట్టుకున్న వేళ్ళు, కొసలు కాయలు కాసి ఉన్నాయి. "ఈ వేళ్ళకి పొర తెలీదండి. పప్పు పట్టుకుంటే నలిగిపోద్ది" అంది. తర్వాత అటూ ఇటూ చూసి మెల్లగా అడిగింది. "మీ మిషన్‌కి పొగ రాదా అండీ?"

"కొంచెం కూడా రాదు."

"అయితే అది తొందరగా పెట్టించండి. ఈలోగా నన్ను తీసెయ్యకుండా చూడండి."

అంతవరకు ఆ పని నాకు ఒక డ్రాయింగు, ఒక కొటేషన్. ఆ మాటతో అది నాగమణి ఉద్యోగం అయింది.

నేను పెట్టింది హీట్ పంప్ డ్రయర్. భయపడే పేరు కాదు. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, ఆ వేడినే పట్టుకుని పెద్ద ఎత్తున వాడుకోవడం. హీటరు కాయిల్ తాగే కరెంటుకి, ఇది తాగేదానికి పోలికే లేదు. పైన రేకుల మీద సోలార్ పలకలు కూడా వేయించాం. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. "కరెంటు మాత్రం బొగ్గు నుంచి రావట్లేదా?" అని తెలివిగా అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వస్తోంది, కాదనను. కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఏటేటా మారుతుంది, పొయ్యిలో కట్టె ఎప్పటికీ కట్టే. ఆ ప్రశ్న అడిగినవాళ్ళెవరూ తమ ఇంట్లో ఏసీ కట్టేసి వచ్చినవాళ్ళు కారు.

సూపర్‌వైజర్ ప్రసాద్‌కి మాత్రం నా మిషన్ మొదటి నుంచీ గిట్టలేదు. "కట్టె సెగలో గుణం ఉంటుందండి. కరెంటు సెగ చప్పగా ఉంటుంది" అనేవాడు. సెగకి ఉప్పూకారం ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

జూన్ మొదట్లో మిషన్ తిరిగింది. పది రోజులు పప్పు బ్రహ్మాండంగా వచ్చింది. పొర ఉల్లిపొట్టులా రాలిపోయింది. పొరుగు ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. వాళ్ళు ఏమీ అనకపోవడం కంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు. నాగమణి తలకి తువ్వాలు చుట్టుకోవడం మానేసి జడలో కనకాంబరాలు పెట్టుకొచ్చింది.

పదకొండో రోజు నా బుద్ధి గడ్డి తింది.

మిషన్‌లో డేటా లాగర్ అని ఒకటి ఉంటుంది. లోపల వేడి ఎప్పుడెంత ఉందో నిమిషానికోసారి రాసిపెట్టుకునే డబ్బా. దాని గ్రాఫ్ లాప్‌టాప్‌లో తెరిచాను. నున్నగా సాగాల్సిన గీత రంపం పళ్ళలా ఉంది. గంటకోసారి వేడి దబ్బున పడిపోయి, మళ్ళీ ఎక్కుతోంది. డ్రయర్ గదికి వెళ్ళి నిలబడ్డాను. గంట కాగానే నాగమణి తలుపు బార్లా తీసింది. ఒక్కో ట్రే బయటికి లాగి, రెండు చేతులతో ఓ కుదుపు కుదిపి, చెవి దగ్గర పెట్టుకుని, పైదాన్ని కిందకి, కిందదాన్ని పైకి మార్చి తలుపేసింది.

"ఏం చేస్తున్నావు నాగమణీ?"

"ట్రేలు మారుస్తున్నానండి. కిందవి మాడిపోవూ?"

నాకు ఒళ్ళు మండింది. కట్టెల బోర్మాలో కింద వేడి ఎక్కువ, పైన తక్కువ. అందుకే ట్రేలు మార్చేవాళ్ళు. నా మిషన్‌లో మూల మూలకీ వేడి ఒకటే, దానికోసమే నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. పాత అలవాటు కొద్దీ తలుపు తీసి, గంట గంటకీ వేడంతా ఊళ్ళోకి వదిలేస్తున్నారు. అందరినీ పోగేసి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కరెంటు వృథా, కార్బన్ లెక్క, అన్నీ చెప్పాను. నాగమణి, "ఒక్కసారి శబ్దం విననివ్వండి మేడంగారూ" అంది.

"శబ్దం వినడానికి ఇదేమన్నా రేడియోనా? మిషన్‌కి సెన్సర్లున్నాయి. నువ్వు ముట్టుకోనక్కర్లేదు" అన్నాను.

రాజోలు వెళ్ళి ఒక తాళం కొనుక్కొచ్చి డ్రయర్ తలుపుకి వేశాను. తాళంచెవి ప్రసాద్ చేతిలో పెట్టాను. నాగమణికి గది ఊడ్చే పని మిగిలింది. గ్రాఫ్ మీద గీత కాలవ నీళ్ళలా నున్నగా సాగింది. ఆ గీత ఫొటో తీసి మా ఆఫీసు వాళ్ళకి పంపించుకుని మురిసిపోయాను కూడా. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మూడో రోజు పీలింగ్ షెడ్డులో గోల. అక్కడ అందరికంటే పెద్దావిడ మంగమ్మగారు పళ్ళెం తీసుకొచ్చి నా లాప్‌టాప్ పక్కన ఠపీమని పెట్టింది.

"చూడమ్మా ఇంజనీరమ్మా! గోరు ఊడతంది గాని పొర ఊడట్లేదు. పొద్దున్నుంచీ సగం పళ్ళెం అవ్వలేదు. ఇలాగైతే మేం ఏం తినాలి?"

నిజమే. పొర పప్పుకి జిగురేసినట్టు పట్టుకుని ఉంది. గట్టిగా లాగితే పప్పు విరుగుతోంది. గుండు మాయమై ముక్క పోగుపడింది. మాయిశ్చర్ మీటర్, అంటే తేమ చూసే పరికరం, అది మాత్రం అంతా సరిగ్గా ఉందని చూపిస్తోంది. వేడి ఐదు డిగ్రీలు పెంచాను, పప్పు పసుపు తిరిగింది. టైము పెంచాను, పప్పు పెళుసెక్కి ఇంకా విరిగింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ప్రసాద్ ఎప్పుడు వచ్చినా మొహం మీద ఒకటే నవ్వు. "చెప్పానా అండి, సెగలో గుణం" అని.

బుధవారం రాజుగారు పిలిచారు. "మీ మీద కోపం లేదమ్మా. కానీ షిప్పింగుకి మాట ఇచ్చాను. సరుగుడు లోడు చెప్పేశాను. శనివారం దాకా చూస్తాను, కుదరకపోతే సోమవారం పొద్దున్న బోర్మా అంటిస్తారు" అన్నారు.

బోర్మా అంటిస్తే పొగ వస్తుంది. పొగ వస్తే నాగమణి ఉండలేదు. నా మిషన్ పోతే నాకు ఇంకో ఫ్యాక్టరీ ఉంది, ఆవిడకి ఇంకో పని లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజంతా నేను ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకంటే ఆవిడ చెప్పబోతే నోరు మూయించింది నేనే.

గురువారం మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఉన్నాను. నాగమణి క్యారేజీ తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"తిన్నారాండీ?"

"ఆకలి లేదు."

"ఆకలి లేకపోవడం ఏంటండీ. రాత్రి పట్టిన చేపే, పులుసు బాగుంటుంది" అని మూతలో అన్నం పెట్టి ఇచ్చింది. తింటూ ఉండగా తలెత్తకుండా అంది. "నన్ను అడిగితే చెబుతానండి. అడక్కపోతే నాకెందుకూ?"

మూత కింద పెట్టాను. "అడుగుతున్నాను. చెప్పు."

"తాళం తియ్యండి."

"అది కాదు, మిషన్‌లో ఏం తేడా ఉందని..."

"మిషన్ మంచిదేనండి. తాళం వేసిన రోజు నుంచే కదండీ ఈ గోలంతా? వేడి మీదున్న పప్పుకి చల్లగాలి తగలాలండి. తగిలితే పప్పు ముడుచుకుంటది, పొర అంత ముడుచుకోదు, మధ్యలో సందు పడతది. ఓ కుదుపు కుదిపితే పొర వదిలేస్తది. వదిలిందా లేదా అన్నది శబ్దంలో తెలుస్తది. వదలకపోతే దబదబమంటది, వదిలితే గలగలమంటది. నా వేళ్ళకి తెలీదు కాబట్టి చెవితో చూస్తానండి."

"మరి ట్రేలు మాడిపోతాయని అన్నావుగా ఆ రోజు?"

"మీరు అంత గట్టిగా అడిగితే నోటికొచ్చింది చెప్పానండి. మాకు నేర్పినోళ్ళు కూడా ట్రేలు మార్చమనే నేర్పారు. చల్లగాలి సంగతి చేస్తా చేస్తా నాకు తెలిసింది."

చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాను. మొదటి పది రోజుల గీత, తాళం వేశాక గీత పక్కపక్కన పెట్టాను. రంపం పళ్ళున్న రోజుల్లో పప్పు బాగుంది. గీత నున్నగా ఉన్న రోజుల్లో పప్పు పాడైంది. దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. నేను వృథా అనుకున్నదే అసలు పని. ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత కోపం ప్రసాద్ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

తాళం తీసి శుక్రవారం సరుకు ఆవిడకి అప్పగించాను. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ తీసింది, కుదిపింది, విన్నది, వేసింది. సాయంత్రం పీలింగ్ షెడ్డులో మంగమ్మగారు ఓ గుప్పెడు పప్పు అరచేతుల మధ్య నలిపి ఉఫ్‌మని ఊదింది. పొరంతా ఎగిరిపోయి తెల్లటి గుండు మిగిలింది. "ఆయ్, ఇది పప్పంటే" అంది.

కథ ఇక్కడితో అయిపోతే నాకు బాగుండేది. కానీ ఇంజనీరు బుద్ధి ఊరుకోదు. శనివారం పొద్దున్న కూర్చుని, గంటకోసారి మిషన్ పక్కనున్న చిన్న గాలి తలుపు దానంతటదే తెరుచుకుని, ట్రేలకి చల్లగాలి కొట్టి, మళ్ళీ మూసుకునేలా ప్రోగ్రాం రాశాను. పనిచేసింది. ఒక సరుకు బాగానే వచ్చింది. గొప్పగా రాజుగారికి చూపించాను. సరుగుడు లోడు వద్దని ఆయన ఫోన్ చేసేశారు.

పక్కనే ఉన్న ప్రసాద్, "అయితే ఇక ఈ గదిలో మనిషి అక్కర్లేదు కదండీ. బాయిలర్ దగ్గర కట్టె అందించడానికి హెల్పర్ కావాలి, నాగమణిని అక్కడ వేద్దాం" అన్నాడు.

బాయిలర్ అంటే గింజ ఉడికించే ఆవిరి పొయ్యి. అది అప్పటికింకా కట్టెతోనే నడుస్తోంది. పొగలోంచి తప్పించడానికి వచ్చిన నేను, నా చేత్తో ఆవిడని ఇంకా పెద్ద పొగలోకి తోశానన్నమాట.

రాజుగారు తల ఊపబోతున్నారు. నాగమణి చీపురు గోడకి ఆనించి ముందుకొచ్చింది. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"నేను వెళ్ళనండి రాజుగారూ. పొగలోకి వెళ్ళను. ఈ గదిలో పప్పు చూసేది నేను. హెల్పర్‌ని కాదు, పదహారేళ్ళ నుంచీ కాదు. రిజిస్టర్‌లో డ్రయర్ ఆపరేటర్ అని రాయండి, ఉంటాను. లేదంటే రేపట్నుంచి మీ మిషన్నే పప్పు చూసుకోమనండి."

"ఆపరేటరా? ఐటీఐ చదివావా ఏంటి?" అన్నాడు ప్రసాద్.

"లేదండి. మీరు చదివారు కదా, మీరు వినండి శబ్దం" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మిషన్ అప్పగింత కాగితం నా ముందే ఉంది. నేను సంతకం పెడితే నా పని ముగిసి, నాకు రావాల్సింది వస్తుంది. అందులో శిక్షణ పొందిన ఆపరేటర్ పేరు రాయాల్సిన గడి ఒకటుంది. పెన్నుకి మూత పెట్టాను.

"ఆ గడి నిండితేగాని సంతకం పెట్టనండి" అన్నాను.

"మీరు కూడానా అమ్మా?" అన్నారు రాజుగారు.

"నేను కూడానండి. ఈ మిషన్‌కి చల్లగాలి ఎందుకు కావాలో ఇక్కడ తెలిసిన మనిషి ఆవిడొక్కతే. నాకే ఆవిడ చెప్పింది."

ఆయన కాగితం పక్కకి జరిపారు. నేనూ బ్యాగు సర్దుకున్నాను. ఆదివారం రాజమండ్రిలో మా ఆయన, "మొండితనం ఫీజు ఎవరిస్తారు?" అని అడిగితే, గోదావరి గట్టు మీద నడకకి వెళ్ళొచ్చాను.

సోమవారం తిరిగి వెళ్ళేసరికి కొత్త సరుకు ఆరుతోంది. విదేశాల నుంచి ఓడ మీద వచ్చిన గింజ, తొలకరి వానకి కాస్త చెమ్మ పట్టింది. నా ప్రోగ్రాం గడియారం చూసుకుని గంటకోసారి గాలి కొట్టింది. గడియారానికి చెమ్మ తెలియదు. మధ్యాహ్నానికి మంగమ్మగారు మళ్ళీ పళ్ళెంతో వచ్చింది, ఈసారి తిన్నగా రాజుగారి గదిలోకే వెళ్ళింది. లోపల ఏం మాట్లాడిందో గాని, బయటికి రాగానే రాజుగారు డ్రైవర్‌ని కేకేసి నాగమణి ఇంటికి కారు పంపించారు.

అరగంట తర్వాత గేటులోకి ముందు నాగమణి సైకిల్ వచ్చింది, దాని వెనక నెమ్మదిగా ఖాళీ కారు వచ్చింది.

ఆవిడ ముందు డ్రయర్ గదికి వెళ్ళలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళి రిజిస్టర్ దగ్గర నిలబడింది. రాజుగారు ప్రసాద్ చేతే రాయించారు. నాగమణి, డ్రయర్ ఆపరేటర్. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుని, అప్పుడు వెళ్ళి ట్రే లాగి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఈ గింజకి అరగంటకోసారి తియ్యాలండి. ఇంకో రెండు గంటలు పట్టుద్ది" అంది.

ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడు ఆ మిషన్‌లో గాలి తలుపుకి టైము పెట్టేది ఆవిడే. సరుకు సరుకుకీ విని, మీటలు తనే నొక్కుతుంది. అప్పగింత కాగితంలో ఆ గడి నిండింది, కింద నేను సంతకం పెట్టాను. ఆ బోర్మా మళ్ళీ అంటించలేదు. మరుసటి ఏడాది బాయిలర్ పని కూడా నాకే వచ్చింది.

మా వృత్తివాళ్ళు కలిసినప్పుడల్లా ఒక మాట వినపడుతుంది. పాత పనివాళ్ళు కొత్త మిషన్లకి అడ్డం పడతారని. నా అనుభవం వేరు. ఆ ఫ్యాక్టరీలో మళ్ళీ కట్టెలు మండే దాకా తెచ్చింది పనివాళ్ళు కాదు, గ్రాఫ్ చూసి తాళం వేసిన నేను. కట్టెలు మండకుండా ఆపింది పొగ మీద అందరికంటే ఎక్కువ పగ ఉన్న నాగమణి. కొత్తదానికి అడ్డం పడతారని మనం ఎవరినైతే పక్కన పెడతామో, అది నిలబడాలని మనకంటే ఎక్కువ కోరుకునేది వాళ్ళే. అప్పటి నుంచీ ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా లాప్‌టాప్ సంచిలోనే ఉంచి, పని చేసే మనిషి పక్కన ఒక షిఫ్టు పూర్తిగా కూర్చుంటాను. ఎందుకు చేస్తున్నారని గదమాయించను, ఏం చేస్తున్నారో చూస్తాను.

మొన్న సర్వీసుకి వెళ్ళినప్పుడు డ్రయర్ గది గుమ్మంలో ఆగి, "నాగమణిగారూ, తలుపు తియ్యొచ్చా?" అని అడిగాను. పక్కనున్న ప్రసాద్, "మిషన్ బిగించింది మీరు. అడగడమేంటండీ, మీకు చిన్నతనం కాదూ?" అన్నాడు.

"నా చిన్నతనం తాళం వేసిన రోజున అయిపోయింది ప్రసాద్" అని, ఆవిడ ఊ అనేదాకా అక్కడే నిలబడ్డాను.